మామగారి కరిస్సా కంచె

కంచె అన్నాక బయటివాళ్లను లోపలికి రానివ్వకుండా ఆపాలి. మామగారి కంచె మాత్రం దారిన పోయేవాళ్లను చొక్కా పట్టుకుని లోపలికి లాక్కొచ్చేది.

ఆ గురువారం ఉదయం లాక్కొచ్చింది సంగీతం టీచరును. కోడలు కిటికీ దగ్గర కూర్చుని సూదిలో దారం ఎక్కిస్తుండగా ముందు వీధిలో "అయ్యో" అన్న కేక, ఆ వెనక గేటు గడియ చప్పుడు, ఆ వెనక మామగారి గొంతు వినిపించాయి. ఆ మూడూ ఎప్పుడూ అదే వరసలో వస్తాయి కాబట్టి ఆమె తలెత్తి చూడలేదు.

"లోపలికి రండమ్మా, కూర్చోండి. ఏదీ, చూడనివ్వండి. మోచేతి దగ్గరేగా? ఇదేమంత పెద్ద పని. మా కోడలు చూసుకుంటుంది. రేపటికల్లా అయిపోతుంది."

రేపటికల్లా అయిపోతుంది. ఈ మాట వింటే చాలు, కోడలికి అరికాలి మంట నెత్తికెక్కేది.

మామగారు నీటి సరఫరా ఆఫీసులో ముప్పై రెండేళ్లు ఫిర్యాదుల కౌంటరులో పనిచేసి రిటైరయ్యారు. కుళాయి రావడం లేదనీ, పైపు పగిలిందనీ, నీళ్లు ఎర్రగా వస్తున్నాయనీ జనం వచ్చి చెబితే రిజిస్టరులో రాసుకుని, చీటీ మీద నంబరు వేసిచ్చి, "రేపటికల్లా అయిపోతుంది" అని పంపించడం ఆయన ఉద్యోగం. గొయ్యి తవ్వి పైపు అతికేది వేరెవరో. ఆ వేరెవరో రేపటికల్లా వెళ్లారో లేదో తెలుసుకోవలసిన అవసరం ఆయన కుర్చీకి ఉండేది కాదు. కుర్చీ పోయినా అలవాటు మాత్రం ఆయనతో ఇంటికొచ్చింది. ఇంట్లో ఆ వేరెవరో కోడలు అయింది.

కోడలిది రఫ్ఫు పని. చిరిగిన చోట అతుకు వేయడం కాదు. అదే బట్ట అంచులోంచి పోగులు లాగి, చిరుగు మీద ఒక్కో పోగూ తిరిగి నేసి, ఇక్కడ చిరిగిందన్న సంగతి కంటికి కనిపించకుండా చేయడం. రెండు డ్రైక్లీనింగ్ షాపులు ఆమెకు పని పంపేవి, అది ఆమె సంపాదన. కంచె పంపేది ఉచితం. మన కంచె చింపితే మనమేగా బాగుచేయాలి అని మామగారి న్యాయం. ఆ 'మనం'లో ఆయన వంతు ఇంట్లో పెట్టుకున్న రిజిస్టరులో రాసుకుని, చీటీ ఒకటి గుండుసూదితో బట్టకు గుచ్చడం వరకే.

అసలు ఆ కంచె కూడా ఆఫీసు నుంచే వచ్చింది. రిటైరైన రోజు తోటివాళ్లు ఆయనకు కుండీలో ఒక మొక్క బహుమతిగా ఇచ్చారు. నిగనిగలాడే దళసరి ఆకులు, కొమ్మ కొమ్మకూ రెండు పాయలుగా చీలిన ముళ్లు, నక్షత్రంలా ఐదు రేకుల తెల్లపూలు, సాయంత్రమైతే వరండా అంతా కమ్మటి వాసన. కుండీ మీది చీటీలో కరిస్సా అని రాసి ఉంది. ఆయన కాళ్లకు బలపం కట్టుకుని నర్సరీలన్నీ తిరిగి వివరాలు సేకరించారు. దక్షిణాఫ్రికా సముద్రతీరాల్లో పెరిగే పొద అట. వాక్కాయకు పినతల్లి కూతురు వరస. ఏడాది పొడుగునా ఆకు రాలదు, ఉప్పుగాలికి జడవదు, ఎర్రటి కోలపండు కాస్తుంది. ఆ పండు తప్ప మొక్కలో ఇంకేదీ నోట పెట్టకూడదు.

ఒక మొక్క ఉంటే కంచె అవదు. కొని తేవడం ఆయనకు నచ్చదు. దీని కొమ్మలను ఊరికే విరిచి నాటితే వేరు పట్టవని ఎవరో చెప్పారు. కొమ్మను సగం లోతు కోసి, కిందికి మడిచి, విరిగి పడకుండా దారంతో కట్టి, రెండు నెలలు తల్లిమొక్క మీదే ఉంచాలి. గాయం దగ్గర కండ కట్టాక తెంచి ఇసుకలో గుచ్చితే అప్పుడు వేరు పోస్తుంది. మామగారు ఆ పని శ్రద్ధగా చేశారు. కట్టడానికి దారం కోడలి పెట్టెలోంచి తీశారు. అది ఒక పాత కోటు కోసం ఆమె షాపు షాపూ వెతికి రంగు కలిపి తెచ్చుకున్న బూడిదరంగు పట్టుదారం. కొమ్మలకు చుట్టిన చోట అది వానకు తడిసి ఎండకు ఎండి పనికిరాకుండా పోయింది. "దారమే కదమ్మా" అన్నారాయన. ఇరవై రెండు కొమ్మలు కడితే ఇరవై రెండూ బతికాయి, ఒక్కటి చస్తే ఒట్టు.

నాలుగేళ్లలో అవి వీధి పొడుగునా గోడలా లేచాయి. లేచి ఊరుకోకుండా కాలిబాట మీదికి పొట్ట వేసుకుని వాలాయి. మనిషి నడిచే చోటులో సగం కంచెది. ఎదురుగా సైకిలు వస్తే నడిచేవాళ్లు కంచె వైపు జరగాలి, జరిగితే ముల్లు పట్టుకుంటుంది. ఒక పాయ నుంచి విడిపించుకోబోతే రెండో పాయ గుచ్చుకుంటుంది.

కత్తిరించమని కోడలు ఎన్నిసార్లు చెప్పిందో లెక్కలేదు. గోడకు చెప్పినా కాస్త ప్రతిధ్వని అయినా వచ్చేది. పూలు కొమ్మల కొసలకు పూస్తాయి, కొసలు కత్తిరిస్తే పూలు పోతాయి, పూలు పోతే పండ్లు పోతాయి, ఇదీ మామగారి జవాబు. ఒక్క కాపు చూశాక కత్తిరిస్తానని మాటిచ్చారు. నాలుగేళ్లుగా పూలు విరగబూసి రాలుతున్నాయి. పండు మాత్రం మచ్చుకు ఒక్కటి కూడా పట్టలేదు.

ఇదంతా కోడలు మూడేళ్లుగా పళ్లు బిగబట్టి ఓర్చుకుంటూనే ఉంది. ఇప్పుడు ఓర్చుకునే వ్యవధి లేదు.

మ్యూజియంలో పాత వస్త్రాలు బాగుచేసే విభాగం ఉంది. వందేళ్ల నాటి కోట్లు, జెండాలు, నాటకాల దుస్తులు అక్కడ బాగుచేస్తారు. ఆ విభాగంలో ఒక్క ఉద్యోగం ఖాళీ అయింది. వయసు నలభై దాటకూడదని ప్రకటనలో రాశారు. కోడలికి వచ్చే నెల నలభై నిండుతుంది. దరఖాస్తు పెట్టిన అందరికీ అరచేతి వెడల్పు బట్టముక్క ఒకటి ఇచ్చారు. పాత ముదురు నీలం ఉన్ని కోటులోంచి తీసిన ముక్క, మధ్యలో చిమ్మట కొట్టిన చిల్లు, పక్కనే వంకర చిరుగు. పది రోజులు గడువు. పదో రోజు పదకొండు గంటలకు తెచ్చి చూపించాలి, ఎవరి పని కనిపించకుండా ఉంటే వాళ్లకు ఉద్యోగం.

ముదురు నీలంతో చిక్కేమిటంటే దీపం వెలుగులో అది నలుపే. ఆ బట్ట నేత రెండు పోగులు పైన, రెండు పోగులు కింద, వరస వరసకూ ఒక పోగు పక్కకు జరుగుతూ ఏటవాలుగా సాగుతుంది. ఒక్క పోగు తప్పినా గీత విరుగుతుంది. కిటికీలోంచి పడే పగటి వెలుగులోనే ఆ పని సాగుతుంది. అది పొద్దున ఎనిమిదికి వచ్చి సాయంత్రం నాలుగుకు పక్కింటి గోడ వెనక్కి పోతుంది. ఆమెకు ఇచ్చింది పది రోజులని మ్యూజియం వాళ్లు అనుకుంటున్నారు, ఆమె లెక్కలో అవి గంటలు. గురువారం దాకా, అంటే నాలుగో రోజు దాకా, దొరికిన గంటల్లో సగానికి పైగా కంచె తినేసింది. మొదటి రోజు బడిపిల్ల గౌను, రెండో రోజు కొరియరు అతని వానకోటు, మూడో రోజు ఎవరిదో తెలియని స్వెట్టరు. ఇప్పుడు సంగీతం టీచరు పట్టు జాకెట్టు చేయి.

మామగారు చీటీ గుచ్చిన జాకెట్టు తెచ్చి బల్ల మీద పెట్టారు.

"మామయ్యా, నేను మ్యూజియం ముక్క చేస్తున్నాను. మీకు తెలుసు కదా."

"తెలుసమ్మా. అది చేసుకో. ఇది మధ్యలో అలా కానిచ్చెయ్. చిన్నదే."

"రేపటికల్లా అని ఎందుకు చెప్పారు?"

"మరి ఎప్పటికల్లా అని చెప్పమంటావు? తేదీ చెప్పకపోతే జనం కంగారు పడతారు."

ఆయన ముఖంలో కపటం అంటూ ఏమీ లేదు, అదే ఆమెకు మరీ ఒళ్లు మండించేది. చెడ్డవాడైతే నాలుగు మాటలని ఊరుకోవచ్చు. ఈయన పొద్దున్నే లేచి ఇంటిల్లిపాదికీ నీళ్లు కాచి పెట్టే మనిషి, ఆమెకు జ్వరమొస్తే రాత్రంతా గుమ్మం దగ్గర కుర్చీ వేసుకుని కూర్చున్న మనిషి. ఆమె చేతులు మాత్రం ఆయనకు సొంత చేతులతో సమానం, అడగక్కర్లేదు.

సాయంత్రం భర్తకు చెప్పింది. ఆయన లిఫ్టులు బాగుచేసే మెకానిక్. ఎవరు ఎక్కడ ఇరుక్కున్నా నిదానంగా వెళ్లి బయటికి తీస్తాడని పేరు. ఇంట్లో ఇరుక్కున్నవాళ్ల విషయంలో మాత్రం ఆ పేరు నిలబెట్టుకోలేదు.

"మీరొక్క మాట చెప్పండి మామయ్యకు. పది రోజులు, అంతే. ఎవరికీ మాటివ్వద్దని."

"నాన్న సంగతి నీకు తెలియనిదేముంది," అన్నాడాయన నిమ్మకు నీరెత్తినట్టు.

"తెలుసు కాబట్టే చెప్పమంటున్నాను."

"చూద్దాంలే."

పెళ్లైన ఈ పదహారేళ్లలో ఆయన చూద్దామన్నవి ఏవీ చూడలేదు. ఆమె ఇక ఆ ఆశ వదులుకుని, మామగారి మాటతోనే మామగారిని పట్టుకోవాలని నిశ్చయించుకుంది. కాపు చూశాక కత్తిరిస్తానన్నారు కదా, ఆ కాపు ఎప్పుడొస్తుందో తేలిస్తే సరి. శనివారం మధ్యాహ్నం ఒక గంట వెలుగు వదులుకుని, కాగితంలో ఒక పూలకొమ్మ చుట్టుకుని, చెరువుగట్టు అవతల, అందరూ కుండీలక్క అని పిలిచే ఆవిడ నర్సరీకి వెళ్లింది.

కుండీలక్క కొమ్మను తిప్పి చూసింది. తెంచిన చోట పాలు కారి కాగితానికి అంటుకున్నాయి.

"మంచి ఆరోగ్యంగా ఉందమ్మా. ఎన్ని మొక్కలు?"

"ఇరవై రెండు. నాలుగేళ్లుగా పూయడమే తప్ప కాయడం లేదక్కా. ఇంకెన్నాళ్లు పడుతుంది?"

"ఎక్కడివి? కొన్నారా?"

"ఒక కుండీ మొక్క ఉంటే దాని కొమ్మలే కట్టి నాటారు మా మామయ్య."

"అన్నీ ఆ ఒక్కదానివేనా?"

"అన్నీనూ."

కుండీలక్క మొదట నోటికి చేయి అడ్డం పెట్టుకుంది, తరవాత ఆ చేయి తీసేసి హాయిగా నవ్వింది. "అయితే అవి ఇరవై రెండు మొక్కలు కావమ్మా. ఇరవై రెండు చోట్ల నిలబడ్డ ఒకే మొక్క. దీని పుప్పొడి దీనికే పట్టడం అరుదు. పక్కన వేరే మొక్క ఉండాలి, గింజ నుంచి మొలిచిందైతే మంచిది. అప్పుడైనా సాయంత్రం పూట పురుగులు వచ్చి తిరగాలి. రాకపోతే మనమే కుంచె పుచ్చుకుని ఈ పూవు పొడి ఆ పూవుకు అంటించాలి. ఇప్పుడున్నట్టుంటే నలభై ఏళ్లైనా కాయదు."

"అంటే కత్తిరించినా నష్టం లేదు."

"ఏం నష్టం? కంచెకు కత్తెర పడాల్సిందే. కావాలంటే వీధి వైపు కత్తిరించి లోపలి వైపు వదిలేయండి. పూలూ ఉంటాయి, దారీ ఉంటుంది."

కోడలు తిరిగి వస్తూ దారంతా ఆ మాటలు మళ్లీ మళ్లీ చెప్పుకుంది. చాలా రోజుల తరవాత ఆమెకు ఉత్సాహం వచ్చింది. గేటు దగ్గరే మామగారిని నిలబెట్టి, విన్నది విన్నట్టు చెప్పింది. ఆయన శ్రద్ధగా విన్నారు, మధ్యలో రెండు సార్లు తలాడించారు, చెప్పులు వేసుకుని వెళ్లిపోయారు. కత్తెర తేవడానికి వెళ్లారనుకుంది. గంటన్నర తరవాత మోకాలెత్తు మొక్క ఒకటి చంకలో పెట్టుకుని వచ్చారు.

"నువ్వు చెప్పింది అక్షరాలా నిజం అమ్మాయ్. వేరే మొక్కే కావాలట. గింజ మొక్క. వెతికి వెతికి తెచ్చాను."

"ఇది పూతకు ఎప్పుడొస్తుంది మామయ్యా?"

"రెండేళ్లు. మహా అయితే మూడు."

"అప్పటిదాకా కొసలు?"

"కొసలు ముట్టుకుంటే ఎలా? ఇప్పుడేగా అసలు ఆశ మొదలైంది."

ఆమె తల ప్రాణం తోకకొచ్చింది. లోపలికి వెళ్లి తలుపు వేసుకుని, మంచం మీద కూర్చుని, దిండులో ముఖం పెట్టి గట్టిగా ఒక అరుపు అరిచింది. తరవాత లేచి ముఖం కడుక్కుని, సంగీతం టీచరు జాకెట్టు ముందేసుకుని కూర్చుంది, ఎందుకంటే చీటీ మీది తేదీ అప్పటికే ఒక రోజు దాటింది.

ఆ వారాంతం, ఆ పై రెండు రోజులు ఎలా గడిచాయో ఆమెకే తెలియదు. వంటింటి పని భర్త మీద పడేసింది. డ్రైక్లీనింగ్ షాపులకు వారం ఆగమని కబురు పెట్టింది. కంచె పంపిన బట్టలు ఏడు, బల్ల పక్క అర మీద పేరుకున్నాయి. వాటి వైపు చూడకుండా ఉండటానికి కుర్చీ తిప్పి వేసుకుంది. నీలం ముక్కలో చిల్లు పూడింది. వంకర చిరుగు మిగిలింది. తొమ్మిదో రోజు మధ్యాహ్నం రెండుకు ఆమె ముందు ఇంకో పాతిక పోగులున్నాయి, రెండు గంటల వెలుగుంది. నాలుగింటికి చాలా వరకు అయిపోతుంది, మిగిలినవి రేపు పొద్దున్న. ఆమె లెక్క వేసుకుంటుండగానే వీధిలో కేక, గేటు గడియ, మామగారి గొంతు వరసగా వచ్చాయి.

ఈసారి ఆమె లేచి వరండాలోకి వెళ్లింది.

కుర్చీలో గడియారాల షాపాయన కూర్చుని ఉన్నాడు. ఒంటి మీద చొక్కా ఉంది గాని, కోటు మామగారి ఒళ్లో ఉంది. కోటు వెనక జానెడు చిరుగు. మామగారు కళ్లజోడు సర్దుకుంటూ రిజిస్టరులో రాస్తున్నారు.

"రేపు ఉదయం తొమ్మిదికల్లా," అంటున్నారు, "మీరేం దిగులు పడకండి."

"ఈ పని నేను చేయలేనండి," అంది కోడలు, షాపాయనతోనే. "రేపు నాకు పరీక్ష ఉంది. ఏమీ అనుకోవద్దు."

షాపాయన ముఖం తేలికపడింది. "నేను ముందు నుంచీ వద్దనే చెబుతున్నానమ్మా. ఇది వానలో వేసుకునే పాత కోటు, ఇదివరకే రెండు చోట్ల చిరిగింది. ఆయనే విప్పించారు. రాసేదాకా వదలనన్నారు."

కోడలు మామగారి వైపు చూసింది. ఆయన పెన్ను కాగితం మీదే ఉంది.

"వద్దన్నారా?"

"మొహమాటానికి అంటారమ్మా అందరూ," అన్నారాయన. "ఫిర్యాదు చెప్పుకోవడానికి జనానికి మొహమాటం. మనమే అడిగి రాసుకోవాలి."

మూడేళ్లుగా ఆమె వీధివాళ్లే వచ్చి మీద పడుతున్నారనుకుంది. బడిపిల్ల తల్లినీ, కొరియరు అతన్నీ, పేరు తెలియని స్వెట్టరు మనిషినీ మనసులో ఎన్ని మాటలంది. వాళ్లలో ఎంతమంది వద్దంటుంటే ఈయన చొక్కా విప్పించుకుని ఉంటారు? ఆమె కోటు తీసి, మడత విప్పి, షాపాయన చేతికిచ్చింది.

"నేను మాటిచ్చానమ్మా," అన్నారు మామగారు, నెమ్మదిగా.

"మీరిచ్చారు మామయ్యా. నేనివ్వలేదు."

లోపలికి వచ్చి కూర్చుంది. సూదిలో దారం ఎక్కించడానికి పావుగంట పట్టింది. కోపంతో ఏడుపొస్తుంటే, కన్నీరు బట్ట మీద పడకుండా తల వెనక్కి వాల్చి కూర్చోవలసి వచ్చింది. వెలుగు గోడ వెనక్కి పోయే వేళకు పదకొండు పోగులు మిగిలాయి. మర్నాడు ఎనిమిదికి మొదలుపెట్టి తొమ్మిదిన్నరకు ఆఖరి పోగు తోసి, బట్టను తిరగేసి వేలితో రుద్ది, కాగితంలో చుట్టుకుని బస్సెక్కింది. వెళ్లేటప్పుడు మామగారు వరండాలోనే ఉన్నారు. ఆమె తలెత్తకుండా గేటు గడియ తీసుకుంది.

మ్యూజియం మేడమ్ పొట్టిమనిషి, మెడలో భూతద్దం వేలాడుతోంది. పొడుగాటి బల్ల మీద ముప్పై ఒక్క నీలం ముక్కలు వరసగా పరిచి ఉన్నాయి. ఆమె కోడలి ముక్కను వెలుగుకు పట్టింది, తిప్పింది, మళ్లీ భూతద్దం పెట్టింది.

"చిల్లు అందరూ బాగానే పూడ్చారు," అంది. "ఈ వంకర చిరుగు దగ్గరే దొరికిపోయారు. మూల దగ్గర పోగులు ముడుచుకుంటాయి. మీది ముడుచుకోలేదు. ఏం చేశారు?"

"మూలను ఒక చిరుగుగా చూడకూడదండి. రెండు పాయలుగా విడదీసి, ఒక్కోదాన్ని వేరువేరుగా నేసుకుంటూ వచ్చి చివర్లో కలపాలి."

"ఎక్కడ నేర్చుకున్నారు?"

ఆ మూల ఎలా చిరుగుతుందో, ఉన్నిలో ఎలా, పట్టులో ఎలా, వానకోటులో ఎలా, కోడలి చేతులకు కంఠతా వచ్చు. రెండు పాయల ముల్లు ఎప్పుడూ అలాగే చింపుతుంది. ఇంత పెద్ద బడి ఇంకెక్కడా ఉండదు. ఈ సంగతి చచ్చినా మామగారికి చెప్పకూడదని అక్కడికక్కడే ఒట్టు పెట్టుకుంది.

"ఇంటి దగ్గరేనండి," అంది.

"సోమవారం నుంచి రండి," అంది మేడమ్, ముక్క మీద చీటీ అతికిస్తూ. "పొద్దున్న తొమ్మిది నుంచి నాలుగు. దీపం కింద పని చేయనివ్వను, ముందే చెబుతున్నాను."

బస్సులో ఆమె ఇద్దరి సీటులో ఒక్కతే కూర్చుని కాసేపు నవ్వుకుంది. భర్తకు ఫోను చేసి చెప్పింది. ఇంటి మలుపు దగ్గరికొచ్చేసరికి మళ్లీ కోపం వచ్చింది. సోమవారం నుంచి ఆమె ఇంట్లో ఉండదు, మామగారు మాత్రం వరండాలోనే ఉంటారు. సాయంత్రం వచ్చేసరికి అర మీద ఎన్ని చీటీలు ఎదురుచూస్తుంటాయో.

ఇంట్లో ఎవరూ లేరు. గదిలోకి వెళ్లి చూస్తే అర ఖాళీగా ఉంది. ఏడు బట్టలూ లేవు.

నాలుగు దాటాక మామగారు వచ్చారు. చేతి మీద రెండు బట్టలు మిగిలి ఉన్నాయి. చెమట పట్టి, ఎండలో తిరిగి తిరిగి ముఖం వాడిపోయింది. మంచినీళ్లిస్తే తాగి గ్లాసు కింద పెట్టారు.

"తిరిగి ఇచ్చేశాను," అన్నారు. "కుట్టలేదు, కుట్టడం కుదరదు, నేను అనవసరంగా మాటిచ్చాను అని చెప్పి ఇచ్చాను. ఇద్దరి ఇళ్లకు తాళాలున్నాయి."

"ఏమన్నారు?"

"ఏమీ అనలేదమ్మా. ముగ్గురికి గుర్తే లేదు. ఒకబ్బాయి ఇంకో వానకోటు కొనుక్కున్నాడట, ఇది నాదేనా అని అడిగాడు." ఆయన చేతి మీది రెండు బట్టలు ఒళ్లోకి తీసుకున్నారు. "ముప్పై రెండేళ్లు నేను చీటీ ఇచ్చి పంపేవాణ్ని. చీటీ ఇచ్చాక ఒకరి ఇంటికి వెళ్లింది ఇవాళే."

మ్యూజియం సంగతి ఆమె చెప్పింది. ఆయన ముఖం వెలిగింది. "నాకు తెలుసు" అనబోయి, ఎందుకో ఆపుకున్నారు. లేచి వెనక గదిలోంచి పెద్ద కత్తెర తెచ్చారు.

వీధి వైపు ఆయన, లోపలి వైపు ఆమె నిలబడ్డారు. ఆమె పంగలకర్రతో కొమ్మను ఎత్తి పట్టుకుంటే ఆయన కత్తిరించారు. తెగిన ప్రతిచోటా తెల్లటి పాలు బొట్లుగా కారి కాలిబాట మీద పడ్డాయి. మొగ్గలున్న కొస వచ్చినప్పుడల్లా ఆయన చేయి ఒక క్షణం ఆగేది, తరవాత కత్తిరించేది. అలా ఐదో మొక్క దాకా వచ్చారు.

"అడిగితే కాదంటావేమోనని అడగలేదమ్మా," అన్నారు మామగారు, ఆకుల అవతల నుంచి.

"అనేదాన్నే."

"అన్నిటికీనా?"

అవునని అనడానికి ఆమె నోరు సిద్ధంగానే ఉంది. అది నిజం కాదు. ఆ బడిపిల్ల బిక్కముఖం వేసుకుని నిలబడితే తనే గౌను విప్పించి కుట్టి ఉండేది. సంగీతం టీచరు జాకెట్టు పట్టు ఎంత బాగుందంటే, తీరిక ఉన్న రోజున దాని మీద చేయి వేయడమే ఒక సుఖం.

"కాదు," అంది. "సగానికి సరే అనేదాన్ని. సంతోషంగా చేసేదాన్ని మామయ్యా. ఒక్కటి కూడా సంతోషంగా చేయనివ్వలేదు మీరు."

కత్తెర చప్పుడు ఆగింది. ఆకుల సందులోంచి ఆయన ముఖం సగం కనిపిస్తోంది, పెదవులు కదులుతున్నాయి. ఏదో లెక్క వేసుకుంటున్నారని ఆమెకు అర్థమైంది.

"రిజిస్టరులో మూడు వందల పన్నెండున్నాయి," అన్నారు చివరికి. "సగమంటే నూట యాభై ఆరు."

ఆమె పంగలకర్ర దించి చేయి మార్చుకుంది.

"నూట యాభై ఆరు సార్లు సరే అనేదానివి. నేను ఒక్కసారి కూడా అడగలేదు."

"అడగలేదు," అంది కోడలు, ఇంకో కొమ్మ ఎత్తి పట్టుకుంటూ.